రెండు తెరలు, ఒక్క మనిషి

జ్యూరిక్ విమానాశ్రయం స్టేషన్ నేల అడుగున ఉంటుంది. అక్కడ కాన్‌స్టాన్స్ రైలెక్కితే దాదాపు గంట ప్రయాణం. వింటర్‌టూర్ దాటాక తుర్గావ్ ప్రాంతపు ఆపిల్ తోటలు మొదలవుతాయి. అవి దాటితే బోడెన్‌సే సరస్సు. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా మూడూ ఈ సరస్సు గట్టున ఉన్నాయి. వేసవిలో రైలు నిండా సైకిళ్లూ, ఈతకు పోయే పిల్లల సంచులూ కనిపిస్తాయి.

ఈ దారిన వచ్చేవాళ్లలో ఎక్కువమందికి సరస్సే గమ్యం. కొద్దిమంది మాత్రం అవతలి గట్టున యూబర్లింగెన్ ఊరి పైనున్న పొలాలను వెతుక్కుంటూ వస్తారు. 2002 జూలై 1 రాత్రి 11 గంటల 35 నిమిషాలకు ఆ పొలాల మీద, ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. విమానాలను నేల మీది నుంచి నడిపించే కంట్రోలర్లకు ఈ ఊరి పేరు బాగా తెలుసు. ఆ రాత్రి ఏం జరిగిందో తెలుసుకోవాలంటే కూలిన చోటికే వెళ్తే చాలదు, ఈ రైలు దారినీ సరిహద్దునూ కూడా చూడాలి.

కాన్‌స్టాన్స్ జర్మనీ ఊరు. దాన్ని ఆనుకునే స్విట్జర్లాండ్ ఊరు క్రోయిట్స్‌లింగెన్ ఉంటుంది. ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోతూ దేశం మారిన సంగతే తెలియకుండా నడిచిపోవచ్చు. ఒకప్పుడు రెండింటి మధ్య కంచె ఉండేది. దాన్ని తీసేసి సరస్సు ఒడ్డున 22 శిల్పాలు నిలబెట్టారు. సరస్సులోకి వెళ్తే అసలు గీతే లేదు. పెద్ద భాగంలో ఎవరి నీళ్లు ఎక్కడిదాకా అన్నదాని మీద మూడు దేశాలూ ఇప్పటికీ ఒప్పందం రాసుకోలేదు.

ఆకాశం సంగతి ఇంకా విచిత్రం. దక్షిణ జర్మనీలో ఈ భాగం మీదుగా పోయే విమానాలను చూసేది జర్మన్ కంట్రోలర్లు కాదు, స్విస్ సంస్థ స్కైగైడ్ జ్యూరిక్ కేంద్రం. ఏర్పాటు ఏళ్ల నుంచీ నడుస్తోంది, పని సాఫీగానే సాగుతోంది కనుక ఎవరూ కాగితాలు అడగలేదు. ప్రమాదం జరిగాక అడిగారు. 2006 జూలైలో ఈ కాన్‌స్టాన్స్ కోర్టే తీర్పు చెప్పింది: తన గగనతలాన్ని వేరే దేశపు సంస్థకు అప్పగించడానికి జర్మనీ దగ్గర సరైన చట్టబద్ధమైన ఆధారం లేదు, కాబట్టి ఆ రాత్రి నష్టానికి జర్మనీ ప్రభుత్వం బాధ్యత వహించాలి. నాలుగేళ్లు గడిచాక, పిల్లల సమాధుల మీద గడ్డి మొలిచాక, ఆ ఆకాశం ఎవరి పూచీ అన్న ప్రశ్నకు జవాబు వచ్చింది.

కాన్‌స్టాన్స్‌లోని స్టాడ్ రేవు నుంచి అవతలి గట్టున ఉన్న మెర్స్‌బుర్గ్‌కు పడవ ఉంది. కార్లను, లారీలను ఎక్కించుకుని పగలూ రాత్రీ తిరుగుతుంది. 1928లో మొదలైంది. పావుగంట ప్రయాణం. మబ్బు లేని రోజున దక్షిణాన ఆల్ప్స్ కనిపిస్తాయి. తూర్పు వైపు అదే గట్టున ఫ్రెడ్రిక్స్‌హాఫెన్ ఉంది. విమానయాన చరిత్రలో పెద్ద పేరున్న ఊరది. కౌంట్ జెప్పెలిన్ తన మొదటి గాలి ఓడను 1900 జూలై 2న అక్కడే సరస్సు మీద ఎగరేశాడు. ఆధునిక జెప్పెలిన్లు ఇప్పటికీ పర్యాటకులను ఎక్కించుకుని నీళ్ల మీద తిరుగుతుంటాయి. అక్కడొక చిన్న విమానాశ్రయం కూడా ఉంది. ఆ రాత్రి కథలో దానికీ పాత్ర ఉంది.

బష్కిరియన్ ఎయిర్‌లైన్స్ టుపొలెవ్ 154 విమానం మాస్కో నుంచి బార్సిలోనాకు వెళ్తోంది. అందులో 69 మంది ఉన్నారు. చాలామంది ఉరల్ పర్వతాల దగ్గరి ఊఫా నగరం పిల్లలు. చదువులోనూ కళల్లోనూ ముందున్నందుకు బహుమానంగా స్పెయిన్ సముద్రతీరంలో సెలవులు గడపడానికి బయల్దేరారు. అసలు వాళ్లు ఎక్కాల్సిన విమానాన్ని ముందే మాస్కోలో అందుకోలేకపోయారు. ఈ టుపొలెవ్ వాళ్ల కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసినది. ఇంకోవైపు డీహెచ్‌ఎల్ సరుకుల విమానం, బోయింగ్ 757, ఇటలీలోని బెర్గామో నుంచి బ్రసెల్స్‌కు పోతోంది. అందులో ఇద్దరు పైలట్లే ఉన్నారు. రెండూ 36,000 అడుగుల ఎత్తులో ఉన్నాయి. ఒకటి పడమరకు, ఒకటి ఉత్తరానికి. రెండు దారులూ యూబర్లింగెన్ మీద కలుస్తాయి.

జ్యూరిక్ కంట్రోల్ కేంద్రంలో రాత్రి షిఫ్టుకు ఇద్దరు కంట్రోలర్లు వచ్చారు. ట్రాఫిక్ పలుచబడ్డాక ఒకరు విశ్రాంతి గదికి పోవడం, రెండోవారు మొత్తం చూసుకోవడం అక్కడ ఏళ్ల నాటి అలవాటు. రాసిపెట్టిన నియమం కాదు. యాజమాన్యానికి తెలుసు, వద్దనలేదు. ఆ రాత్రి కుర్చీలో మిగిలిన మనిషి పీటర్ నీల్సన్, డెన్మార్క్ వాడు.

పదకొండు దాటాక టెక్నీషియన్లు వచ్చి సిస్టమ్ మరమ్మతు పని మొదలుపెట్టారు. దాంతో రాడార్ తక్కువ స్థాయిలో నడవసాగింది. తెర మీద విమానాలు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ రెండు విమానాలు ఒకదానికొకటి దగ్గరవుతుంటే ముందుగా తెర మీద వెలిగి హెచ్చరించే ఏర్పాటు మాత్రం లేదు. పక్క కేంద్రాలతో నేరుగా మాట్లాడే ఫోన్ లైన్లను కూడా పని కోసం ఆపేశారు. బదులుగా ఉన్న ఫోన్ సరిగా పనిచేయలేదు. ఈ మరమ్మతుతో ఏయే సదుపాయాలు పోతాయో కంట్రోలర్లకు ముందుగా పూర్తిగా చెప్పలేదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న లోపమే. రాత్రిపూట, ట్రాఫిక్ లేని వేళ, పావుగంట సర్దుకుంటే సరిపోతుందనిపించే లోపాలు.

సరిగ్గా అప్పుడు ఆలస్యంగా వస్తున్న ఒక ఎయిర్‌బస్ 320 ఫ్రెడ్రిక్స్‌హాఫెన్‌లో దిగుతానంది. పై ఎత్తున పోయే విమానాలకు ఒక తెర, ఒక ఫ్రీక్వెన్సీ. దిగబోయే ఎయిర్‌బస్‌కు పక్క టేబుల్ మీద ఇంకో తెర, ఇంకో ఫ్రీక్వెన్సీ. నీల్సన్ ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి జరుగుతున్నాడు. ఎయిర్‌బస్‌ను అప్పగించడానికి ఫ్రెడ్రిక్స్‌హాఫెన్ టవర్‌కు ఫోన్ చేస్తాడు, కలవదు. మళ్లీ చేస్తాడు, కలవదు. అక్కడ ఫోను పట్టుకుని ఉన్న ప్రతి క్షణమూ ఇక్కడ ఈ తెర ముందు ఎవరూ లేరు.

ఇంకో గదిలో మాత్రం ప్రమాదాన్ని చూశారు. జర్మనీలోని కార్ల్స్‌రూహె కేంద్రంలో హెచ్చరిక పనిచేసింది. దాదాపు రెండు నిమిషాల ముందే అక్కడి కంట్రోలర్ తెర మీద రెండు చుక్కలు ఒకే చోటికి పోవడం గమనించాడు. జ్యూరిక్‌కు ఫోన్ చేశాడు. లైన్ లేదు. మళ్లీ మళ్లీ చేశాడు. ఆ విమానాలు తన ఫ్రీక్వెన్సీలో లేవు కాబట్టి పైలట్లతో మాట్లాడటానికి వీల్లేదు. ప్రమాదం కళ్ల ముందు కనిపిస్తోంది, చెప్పే దారి లేదు. ఆ మనిషి రెండు నిమిషాలు ఎలా గడిపాడో ఏ నివేదికలోనూ పట్టదు.

నీల్సన్ టుపొలెవ్‌ను కిందికి దిగమన్నాడు. అప్పటికి ఢీకొనడానికి 43 సెకన్లే ఉన్నాయి. అతను చూడగలిగిన దాని ప్రకారం ఆ మాట తప్పు కాదు, ఆలస్యం అయింది, అంతే. కానీ విమానాల్లో టీకాస్ అనే పరికరం ఉంటుంది. రెండు విమానాలు మరీ దగ్గరైతే వాటిలోని పరికరాలు తమలో తామే మాట్లాడుకుని ఒకరిని పైకి, ఇంకొకరిని కిందికి పొమ్మని చెప్తాయి. నీల్సన్ ఆదేశం తర్వాత ఏడు సెకన్లకు ఆ పరికరాలు మాట్లాడాయి. డీహెచ్‌ఎల్‌ను దిగమన్నాయి. టుపొలెవ్‌ను ఎక్కమన్నాయి.

డీహెచ్‌ఎల్ పైలట్లు పరికరం మాట విన్నారు. టుపొలెవ్ కాక్‌పిట్‌లో యంత్రం ఎక్కమంటోందని కో పైలట్ అన్నాడు. నేల మీది మనిషి దిగమంటున్నాడు. ఇంతలో నీల్సన్ అదే ఆదేశం మళ్లీ ఇచ్చాడు. వాళ్లు మనిషి మాటే విన్నారు. అలా రెండు విమానాలూ కలిసి దిగసాగాయి. తాము దిగుతున్నామని డీహెచ్‌ఎల్ రేడియోలో చెప్పింది కానీ, అప్పటికి నీల్సన్ గండం గడిచిందనుకుని పక్క టేబుల్ దగ్గర ఎయిర్‌బస్‌తో ఉన్నాడు. జ్యూరిక్ గదిలో శబ్దంతో హెచ్చరించే ఏర్పాటు మిగిలే ఉంది, అది చివరి అరనిమిషంలో మోగింది. ఎవరి చెవినా పడలేదు. 34,890 అడుగుల ఎత్తున బోయింగ్ తోక టుపొలెవ్ నడుమును కోసేసింది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పుకోవాలి. యంత్రం ఒకటి, మనిషి ఒకటి చెప్తే పైలట్ ఎవరి మాట వినాలి? ఆ ప్రశ్న అప్పటికే లోకం ముందు ఉంది. 17 నెలల ముందు, 2001 జనవరి 31న, జపాన్‌లో రెండు జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలు సరిగ్గా ఇదే కారణంతో వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. రెండింటిలో కలిపి 677 మంది ఉన్నారు. అక్కడా కంట్రోలర్ ఒకటి చెప్పాడు, పరికరం ఇంకొకటి చెప్పింది. అయినా అంతర్జాతీయ నియమాల్లో గందరగోళం అలాగే ఉండిపోయింది. టుపొలెవ్ సిబ్బంది చదివిన పుస్తకాల్లోనూ కంట్రోలర్ మాటకు ప్రాధాన్యం ఇచ్చే వాక్యాలు ఉన్నాయి. యూబర్లింగెన్ తర్వాతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ స్పష్టంగా రాసింది: టీకాస్ ఆదేశం వస్తే అదే వినాలి, కంట్రోలర్ వేరేలా చెప్పినా సరే. 677 మంది బతికినప్పుడు మారని వాక్యం 71 మంది పోయాక మారింది. ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా కోపం రాకుండా ఉండదు.

యూబర్లింగెన్ ఊరు సరస్సును ఆనుకుని ఉంటుంది. ఒడ్డున పొడవైన నడక దారి, కాఫీ హోటళ్లు. ఊరి నుంచి ఉత్తరంగా ఎక్కే రోడ్డు ఓవింగెన్ వైపు పోతుంది. దారిలో బ్రాఖెన్‌రాయిటె అనే చోటు వస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు చదువుకుంటూ ఉండే బడి అక్కడుంది. చుట్టూ పొలాలు, పండ్ల తోటలు, అడవి. ఆ రాత్రి మండుతున్న లోహపు ముక్కలు, శరీరాలు, సీట్లు, పిల్లల సామాన్లు ఈ నేల మీద విస్తారంగా పడ్డాయి. బోయింగ్ ఇంకొన్ని కిలోమీటర్లు పోయి టైజర్స్‌డార్ఫ్ దగ్గర అడవిలో కూలింది. పిల్లలు నిద్రపోతున్న బడికి అంత దగ్గరగా పడినా నేల మీద ఒక్క ప్రాణమూ పోలేదు.

బ్రాఖెన్‌రాయిటె పొలం అంచున స్మారకం ఉంది. ఆండ్రియా త్సౌమ్‌జైల్ అనే శిల్పి చేసింది. మెరిసే పెద్ద పెద్ద ఉక్కు గోళాలు గడ్డిలో అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉంటాయి. దండ తెగి ముత్యాలు చెదిరినట్టు. దగ్గరికి పోతే ప్రతి గోళంలోనూ ఆకాశం వంకరగా కనిపిస్తుంది. వెనక చెట్లు, ముందు నిలబడ్డ మనిషి, పైన మబ్బు అన్నీ ఒకే వంపులో ఉంటాయి. నిజంగానే ఈ నేల మీద ఒక ముత్యాల దండ దొరికింది. ఉత్తర ఒసేటియా నుంచి వచ్చి బార్సిలోనాలో భవనాలు కట్టే విటాలీ కలోయెవ్ భార్య, పదేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు ఆ టుపొలెవ్‌లో అతని దగ్గరికే బయల్దేరారు. కబురు తెలియగానే ఇక్కడికి వచ్చి వెతికేవాళ్లలో తనూ ఒకడయ్యాడు. ఆ దండ అతని కూతురిది.

2004 ఫిబ్రవరి 24న కలోయెవ్ క్లోటెన్‌లో నీల్సన్ ఇంటికి వెళ్లాడు. భార్యాపిల్లలు ఇంట్లో ఉండగానే, గుమ్మం దగ్గర, నీల్సన్‌ను కత్తితో పొడిచి చంపాడు. క్లోటెన్ అంటే యాత్ర మొదలైన విమానాశ్రయం పక్క ఊరే. జర్మనీ విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ నివేదిక అప్పటికి ఇంకా రాలేదు. అదే ఏడాది మే నెలలో వచ్చింది. విమానాలు దగ్గరవుతున్న సంగతి కంట్రోలర్ సకాలంలో గమనించలేదని అందులో ఉంది. టుపొలెవ్ సిబ్బంది టీకాస్‌కు విరుద్ధంగా దిగారని ఉంది. వాటితోపాటే, రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉండే అలవాటును యాజమాన్యం ఏళ్ల తరబడి సాగనిచ్చిందనీ, టీకాస్ నియమాలు అసంపూర్ణంగా, ఒకదానికొకటి పొసగకుండా ఉన్నాయనీ ఉంది. నివేదిక నీల్సన్‌ను పూర్తిగా విడిచిపెట్టలేదు. అలా విడిచిపెట్టడం న్యాయం కూడా కాదు, అతను ఆ రెండు చుక్కలను చూడాల్సింది. కానీ అతను చూడలేకపోవడానికి ఎన్ని చేతులు పనిచేశాయో ఆ పేజీల్లో వరసగా కనిపిస్తుంది. అవి చదివే అవకాశం అతనికి దక్కలేదు.

కంట్రోలర్ పనిలో బయటివాళ్లకు కనిపించని బరువు ఇదే. సర్జన్ ముందు ఒక రోగి ఉంటాడు. కంట్రోలర్ ముందు ఒకేసారి పదీ పదిహేను విమానాలు, వాటిలో వేల ప్రాణాలు, వాటి దిశలు, ఎత్తులు, వేగాలు అన్నీ బుర్రలో ఒకే చిత్రంగా నిలిచి ఉండాలి. ఫోనొక్కటి మోగితే ఆ చిత్రం చెదురుతుంది. అందుకే బ్రిటన్ నియమాలు రెండు గంటలకు మించి ఏకధాటిగా తెర ముందు కూర్చోనివ్వవు, మధ్యలో అరగంట విరామం తప్పనిసరి. చిత్రమేమిటంటే ట్రాఫిక్ బాగా ఎక్కువున్నప్పుడు కంట్రోలర్ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటాడు, పక్కన సాయమూ ఉంటుంది. ట్రాఫిక్ పలుచబడ్డ రాత్రి ఒంటిగంట వేళ, ఇద్దరి పని ఒకరికి అంటగట్టినప్పుడు, హఠాత్తుగా మూడు పనులు మీద పడితేనే అసలు గండం.

మన దేశం వాళ్లకు ఇలాంటి సంగతి చెప్తే వెంటనే హర్యానాలోని చర్ఖీ దాద్రి గుర్తొస్తుంది. 1996 నవంబర్ 12 సాయంత్రం ఢిల్లీ నుంచి లేచిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీలో దిగబోతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ 76 అక్కడి పొలాల మీద ఢీకొని 349 మంది పోయారు. ఆకాశంలో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతకు మించిన ఘోరం ఇప్పటికీ లేదు. ఢిల్లీ కంట్రోలర్ కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర, సౌదీ విమానాన్ని 14,000 దగ్గర ఉంచాడు. ఎదురుగా విమానం వస్తోందని కజక్ పైలట్లకు చెప్పాడు, దూరం కూడా చెప్పాడు. తన పని తాను చేశాడు. కజక్ విమానం అనుమతించిన ఎత్తు కన్నా కిందికి జారింది. ఆ జారడం కంట్రోలర్‌కు తెలిసే దారే లేదు, ఎందుకంటే అప్పటి ఢిల్లీ రాడార్ తెర మీద విమానం ఎక్కడుందో కనిపిస్తుంది కానీ ఎంత ఎత్తులో ఉందో కనిపించదు. పోయే విమానాలకూ వచ్చే విమానాలకూ ఒకటే దారి. జస్టిస్ లాహోటీ విచారణ తర్వాత ఎత్తు చూపించే రాడార్, వేర్వేరు దారులు వచ్చాయి. మన దేశంలో టీకాస్ తప్పనిసరి అయింది. దాద్రిలో కంట్రోలర్ కళ్లకు ఎత్తు అందలేదు, జ్యూరిక్‌లో కంట్రోలర్‌కు రెండో జత కళ్లు అందలేదు.

తిరుగు ప్రయాణానికి పడవ అక్కర్లేదు. యూబర్లింగెన్‌లో రైలెక్కితే సరస్సు ఉత్తరపు గట్టు వెంట రాడోల్ఫ్‌సెల్, జింగెన్ మీదుగా షాఫ్‌హౌజెన్ వస్తుంది. రైన్ నది జలపాతం అక్కడికి దగ్గరే. అక్కడి నుంచి జ్యూరిక్ పోయే దారిలో బ్యూలాఖ్ అనే ఊరుంది. దిగి చూడాల్సిన వింతలు పెద్దగా లేవు. కానీ స్కైగైడ్ ఉద్యోగులు ఎనిమిది మంది మీద కేసు నడిచింది ఈ ఊరి కోర్టులోనే.

2007 సెప్టెంబర్ 4న తీర్పు వచ్చింది. నలుగురు నిర్దోషులు. నలుగురు మేనేజర్లు దోషులు. వాళ్లలో ముగ్గురికి అమలు వాయిదా వేసిన 12 నెలల జైలు శిక్ష, ఒకరికి జరిమానా. జైలుకు ఎవరూ పోలేదు కాబట్టి శిక్ష తక్కువని ఊఫా తల్లిదండ్రులకు అనిపిస్తే తప్పుపట్టలేం. కానీ తీర్పు వేలు చూపించిన దిశ ముఖ్యం. 1976 సెప్టెంబర్ 10న జాగ్రెబ్ మీద బ్రిటిష్ ఎయిర్‌వేస్ ట్రైడెంట్, యుగోస్లావియా డీసీ 9 ఢీకొని 176 మంది పోయినప్పుడు, అక్కడా కంట్రోలర్ పక్కన ఉండాల్సిన మనిషి ఆ నిమిషాల్లో లేడు. అతనికి బదులుగా రావాల్సినవాడు ఆలస్యంగా వచ్చాడు. అయినా శిక్ష పడింది తెర ముందు మిగిలిన గ్రాదిమిర్ తాసిచ్ ఒక్కడికే, ఏడేళ్లు. వేరే దేశాల కంట్రోలర్లు అతని కోసం సంతకాలు సేకరించారు, రెండేళ్ల తర్వాత బయటికొచ్చాడు. జాగ్రెబ్ నుంచి బ్యూలాఖ్‌కు వచ్చేసరికి కోర్టు కుర్చీలో కూర్చున్నవాడిని దాటి, అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టినవాళ్ల దాకా చూసింది. దానికి 31 ఏళ్లు పట్టింది.

స్కైగైడ్ రాత్రిళ్లు ఒక్కరితో నడిపే పద్ధతిని ఆపేసింది. నిజాయితీగా చేసిన పొరపాటును తానే వచ్చి చెప్పినవాడిని శిక్షించకూడదని ఐరోపా 2014లో చట్టం చేసింది. తప్పు బయటికి చెప్పే మనిషి ఉంటేనే రేపటి తప్పు ఆగుతుందని వాళ్లు గ్రహించారు. వీటిలో మొదటి మార్పుకు ఊఫా పిల్లలు తమ ప్రాణాలతో ధర చెల్లించారు. ఇంకా పూర్తి కావాల్సింది చాలా ఉంది. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో పొటోమాక్ నది మీద ఒక ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయారు. ఆ సమయంలో టవర్‌లో హెలికాప్టర్ల పనినీ విమానాల పనినీ కలిపి ఒక్క కంట్రోలరే చూస్తున్నాడు. రెండూ వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద ఉన్నాయి.